పలుగురాయి ధూళి: తూకానికి అందని విషం

జంషెడ్‌పూర్ నుంచి ఆగ్నేయంగా ఘాట్‌శిలా మీదుగా వెళితే ముసాబనీ వస్తుంది. రాగి గనులకు పేరుపడిన ఆ ప్రాంతంలో తరువాతి కాలంలో ర్యామింగ్ మాస్ తయారుచేసే చిన్న కర్మాగారాలు వెలిశాయి. పలుగురాయిని పగలగొట్టి, పొడిచేసి, జల్లించి, సంచులకెత్తడం అక్కడి పని. ఇండక్షన్ కొలిమి లోపలి గోడకు దట్టించే ఈ పొడి ఉక్కు కరిగే వేడిని తట్టుకోవాలంటే అందులో సిలికా సుమారు 98 శాతం, అంతకు పైన ఉండాలి. ఆ పొడిని సంచులకెత్తిన కార్మికులు సిలికోసిస్‌తో మరణించిన ఉదంతాలు జాతీయ మానవ హక్కుల కమిషన్ దృష్టికి వెళ్లాయి. ఝార్ఖండ్ ప్రభుత్వం 2021లో కర్మాగార కార్మికులకు సిలికోసిస్ సహాయ పథకాన్ని తెచ్చింది.

పరిహారం సంగతి అలా ఉండగా, అంతకు ముందే అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. గాలిలో ఎంత ధూళి ఉంటే ప్రమాదమని చట్టం నిర్ణయిస్తున్నది? ఫ్యాక్టరీల చట్టం రెండవ షెడ్యూలులోని సూత్రం ప్రకారం, ఊపిరితిత్తుల లోతుకు చేరగల ధూళి దాదాపు అంతా పలుగురాయిదే అయినచోట, పరిమితి ఘనమీటరుకు సుమారు 0.1 మిల్లీగ్రాముగా ఉండేది. అమెరికా 2016లో సిలికా పరిమితిని 0.05కు తగ్గించింది. రెండు చట్టాలూ చూసేది బరువునే. కణం ఉపరితలం ఎలాంటిదో ఏదీ అడగదు.

ఆ ఉపరితలంలోనే కీలకమున్నది. పలుగురాయిలో సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు గట్టి బంధాలతో అల్లుకొని ఉంటాయి. రాయి పగిలినప్పుడు ఆ బంధాలు తెగి, కొత్త ముఖాలపై అత్యంత చురుకైన రాడికల్స్ మిగులుతాయి. అమెరికా పరిశోధకులు 1988లో దీనిని నిరూపించారు. ఆ రాడికల్స్ గాలిలో సుమారు 30 గంటలకు సగానికి తగ్గుతాయి. నీటిలోనైతే నిమిషాలలోనే క్షీణిస్తాయి. అప్పుడే విరిగిన ధూళిని పీల్చిన ఎలుకలలో, నిలవ ధూళి పీల్చినవాటి కంటే ఊపిరితిత్తుల వాపు ఎక్కువగా కనిపించిందని 1995 నాటి ప్రయోగం తెలిపింది.

2020లో ఇటలీ, బెల్జియం శాస్త్రవేత్తలు మరో అడుగు వేశారు. ప్రయోగశాలలో పెంచిన, ముఖాలు చెదరని పలుగు స్ఫటికాలు కణత్వచాన్ని చీల్చలేదు. వాటినే నూరితే చీల్చాయి. నూరినప్పుడు ఉపరితలంపై ఒకదానికొకటి ప్రత్యేకమైన దూరంలో ఏర్పడే సిలనాల్ సమూహాలే ఇందుకు కారణమని వారు తేల్చారు. ఇనుము జాడలు తోడైతే హాని పెరుగుతుంది. బంకమట్టి పొర కప్పితే తగ్గుతుంది. చైనాలో కుండల పరిశ్రమ కార్మికులకూ, తగరం, టంగ్‌స్టన్ గని కార్మికులకూ సిలికోసిస్ ముప్పులో తేడా ఉండడానికి ఈ మట్టి పొరను ఒక కారణంగా చెబుతారు.

ఇప్పుడు ముసాబనీ షెడ్డును తలచుకుంటే విషయం తేటపడుతుంది. అక్కడ క్రషర్‌కూ కార్మికుని ముక్కుకూ మధ్య నాలుగడుగుల దూరం, కొన్ని క్షణాల వ్యవధి. ముడిరాయిలో మట్టి కలవదు, ఎందుకంటే స్వచ్ఛతకే ధర. నీరు చల్లితే రాడికల్స్ అణగడమే కాక ధూళీ లేవదు. కాని కొలిమికి వెళ్లే పొడిలో తేమ పనికిరాదు. తడిపి, ఆపై ఆరబెట్టడమంటే ఖర్చు. అందువల్ల అక్కడి మిల్లీగ్రామును మరోచోటి మిల్లీగ్రాముతో సమానంగా లెక్కించడం శాస్త్రానికి నిలవదు. నెల్లూరు జిల్లా సైదాపురం వంటి చోట్ల తవ్విన పలుగురాయిని పొడిచేసే ప్రతి యంత్రానికీ ఈ మాట వర్తిస్తుంది.

ఈ శాస్త్రాన్ని తిరగేసి వాడుకునే ప్రమాదమూ లేకపోలేదు. తమ ధూళి అంత విషపూరితం కాదని పరిశ్రమలు వాదించవచ్చు. సిలికా క్యాన్సర్ కారకమని 1997లో ప్రకటించిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ సైతం, ఆ ప్రభావం అన్ని పరిశ్రమలలోనూ ఒకేలా కనిపించలేదని పేర్కొన్నది. కెనడా అనుభవం ఇంకా కఠినమైనది. సిలికా ఉపరితలాన్ని అల్యూమినియం కప్పివేస్తుందన్న నమ్మకంతో ఒంటారియో గని కార్మికుల చేత 1943 నుంచి 1979 వరకు మెకింటైర్ పౌడర్ అనే అల్యూమినియం పొడిని పీల్పించారు. దానికి సంబంధించిన పార్కిన్సన్స్ వ్యాధిని 2022లో ఒంటారియో వృత్తి వ్యాధిగా గుర్తించవలసి వచ్చింది. కణాన్ని సాధువుగా మార్చవచ్చునన్న ఆశ కంటే ధూళిని యంత్రం దగ్గరే మూసి, పీల్చివేయడం నమ్మదగిన మార్గం.

జంషెడ్‌పూర్‌లోని జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాలకు, నూరితే ఖనిజాల చురుకుదనం ఎలా పెరుగుతుందో కొత్తేమీ కాదు. బూడిదను, కొలిమి చిట్టెమును సిమెంటుకు అనువుగా మార్చేందుకు ఆ గుణాన్నే అక్కడ అధ్యయనం చేస్తున్నారు. ఆ విద్యను అదే జిల్లాలోని షెడ్ల ధూళిపై ప్రయోగించమని కార్మిక శాఖ కోరవచ్చు. అంతవరకు తాజాగా విరిగిన పలుగు ధూళిని అతి ప్రమాదకరమైనదిగానే పరిగణించి, పరిమితిని తగ్గించడం న్యాయం.

ఇక రోగి సంగతి. ఎక్స్‌రేలో సిలికోసిస్ మచ్చలను క్షయగా పొరబడడం పరిపాటి. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే అవకాశమూ ఎక్కువే. వైద్యుడు ఏ పని చేసేవాడివని అడిగి రాసుకోకపోతే, హాజరు పట్టీలో పేరు లేని కార్మికుని వద్ద ఆ షెడ్డులో పనిచేసినట్లు చూపే కాగితం ఒక్కటీ ఉండదు.