మర్దనవృత్తి యెడ మన చిన్నచూపు

పసిబిడ్డను చాచిన కాళ్లపై బోరగిల పరుండబెట్టుకొని, నూనె రాచి, ఒడలు పట్టి నీళ్లు పోయు ముసలమ్మ నెరుగని తెలుగువా రరుదు. మన కీళ్లును ఎముకలును తొలినెలలలో ఆ చేతికే అప్పగింపబడినవి. ఆ చేతికి మన మిచ్చిన ప్రతిఫల మేమి? ఒక పాతచీర, నాలుగు గింజలు. పురుడు వెళ్లినది మొదలు వీథియరుగు దాటరాదను కట్టడి. ఆమె చేసినది వట్టి ఆచారమే యనుకొంటిమి. నెలలు నిండక పుట్టిన శిశువులకు దినమునకు 3 మారులు, మారునకు 15 నిమిషముల చొప్పున, 10 దినములు ఒడలు నిమిరినచో, నిమురని శిశువులకంటె నూటికి 47 వంతులు ఎక్కువగా బరువు పెరిగిరని 1986లో అమెరికావారు ప్రకటించిన పిదపగాని మనలో చదువుకొన్నవారికి ఆమె జ్ఞాపకము రాలేదు.

నేడు నగరములందు స్పా యను పేరుగల గదులలో వేలరూపాయలు చెల్లించి తైలమర్దనము చేయించుకొనువారు, ఆ పని చేసిన యువతికి తమ మేడలో ఒక గది అద్దె కిత్తురా? పని మంచిది, పనివారు చెడ్డవారు! ఈ తర్కము మాకు బోధపడకున్నది.

చేతిబలము గలవా రెల్లరు చేయదగిన పనికి చదువేల యని కొంద రందురు. ఒంటికాలి పిక్క వాచి, వెచ్చనై, నొప్పి పెట్టుచున్నదని ఒకడు వచ్చె ననుకొనుడు. చేతిబలము మాత్రమే గలవాడు దానిని గట్టిగా పిసుకును. నేర్చినవాడు చేయి వెనుకకు తీసికొని అతనిని వైద్యునియొద్దకు పంపును. ఏలయన లోపలి సిరలో నెత్తురు గడ్డకట్టి యుండవచ్చును, ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరినచో ప్రాణమే పోవచ్చును. ఎక్కడ చేయి పెట్టరాదో తెలియుటయే ఈ విద్యలో పెద్దభాగము. మరియు బొటనవ్రేళ్లతోనే పనియంతయు చేయువారు తమ చేతులనే చెడగొట్టుకొందురు. శరీరభారమును ముంజేతిమీదుగా దింపు మెలకువ గురువు చూపినగాని రాదు. జపానులో ఈ వృత్తికి మూడేండ్ల చదువును, ఆపై ప్రభుత్వపరీక్షయు గలవు. అచట తరతరములుగా అంధులు దీనిని శాస్త్రముగా నేర్చి గౌరవముగా బ్రదుకుచున్నారు.

ఇక నీతినిగూర్చిన యాక్షేపణ. ఇది క్రొత్తది కాదు. లండనులో మర్దనశాలల పేర వ్యభిచారము సాగుచున్నదని 1894లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ బయటపెట్టెను. అప్పు డచటి నర్సులు నలుగురు వృత్తిని విడిచి పారిపోలేదు. ఆ యేడే శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘమును స్థాపించిరి, పరీక్ష పెట్టిరి. వైద్యుడు చెప్పినగాని చేయరాదనియు, వైద్యపత్రికలందు తప్ప ప్రకటనలు వేయరాదనియు, రోగులకు మందు లమ్మరాదనియు తమకు తామే కట్టడి చేసికొనిరి. పురుషులకు సామాన్యముగా చేయరాదను నియమమొకటి యుండెను. అది మాకు రుచింపదు. 1914లో యుద్ధము వచ్చి గాయపడిన సైనికులతో ఆస్పత్రులు నిండినప్పు డది నిలువనులేదు. ఆ సంఘమునకు 1920లో రాజశాసనము లభించెను. 1944లో అది ఫిజియోథెరపీ సంఘమను పేరు దాల్చెను. మన పిల్లలు ఫిజియోథెరపీ పట్టము పొందినచో బంధువులందరికి చెప్పి మురియుదుము. నిందపడిన ఆ గదులకును ఈ పట్టమునకును గల చుట్టరికము మాత్రము చెప్పము!

మన నగరములందో, ఒక దుకాణములో తప్పు జరిగె నన్న మరునాడు ఆ వీథిలోని మర్దనకారిణు లెల్లరును నిందపాలగుచున్నారు. వారిలో అనేకులు మణిపురము, మిజోరము, నాగాలాండు మొదలగు దూరప్రాంతములనుండి వచ్చినవారు. భాష రాదు, అండ లేదు. ఏమి నేర్చిరి, జీత మెంత యని వారి నడిగినవా రెవరు? దుర్భాషలాడిన ధనికుని పేరు పత్రికలకెక్కగా మేము చూచి యెరుగము.

కావున మేము కోరునది ఇది. ఈ విద్యకు తగిన కాలము చదువును, పరీక్షయు, వ్రాతపూర్వకమైన జీతపు ఒప్పందమును ఉండవలెను. పసిబిడ్డల ఒడలు పట్ట నేర్చిన ముసలమ్మలను ఆ పాఠశాలలకు ఉపాధ్యాయినులుగా జీతమిచ్చి పిలువవలెను. మర్యాద తప్పినవానిని తక్షణమే గదిలోనుండి వెలుపలికి పంపు హక్కు మర్దనకారిణికి ఉండవలెను. యజమానులు ధరలపట్టిక వ్రేలాడదీసిన గోడమీదనే, అంతే పెద్ద యక్షరములతో, దానినికూడ వ్రాయింపవలెను.