ఏడవని పిల్లవాడి మొర

ఏడ్చే పిల్లల్ని ఎత్తుకోవడం అందరికీ తెలుసు. ఏడవని పిల్లలే మన కంటికి ఆనరు. విజయవాడలో మా సంఘానికి వచ్చే ఒక బాలుడు ఈ పాఠం మాకు నేర్పాడు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచెత్తినప్పుడు వేలాది కుటుంబాలతో పాటు వాళ్లూ సర్వం పోగొట్టుకున్నారు. తండ్రి ఆటో నడుపుతాడు. ఇంట్లో సామానుతో పాటు ఆటో కూడా రోజుల తరబడి నీళ్లలో నానింది. సాయంగా అందిన డబ్బు ఆటో రిపేరుకు, ఫైనాన్సు వాయిదాలకే చాలలేదు. అద్దె బాకీ పెరిగి కొన్ని నెలలకు ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. మరో ఇంటికి అడ్వాన్సు కట్టే స్తోమత లేదు. కొన్నాళ్లు బంధువుల వసారాలో తలదాచుకున్నారు. ఆ తర్వాత ఆటోయే వాళ్లకు ఇల్లయింది. రాత్రి వెనక సీట్లో తల్లి, చిన్నపిల్ల. పక్కన నేల మీద గోనెపట్టా పరుచుకుని తండ్రీకొడుకులు.

ఆరో తరగతి చదివే ఆ బాలుడు ఒక్కరోజు కూడా బడి మానలేదు. పుస్తకాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి తలకింద పెట్టుకునేవాడు. వీధి దీపం కింద హోంవర్కు చేసుకునేవాడు. ఆదివారం చెల్లెలి చెయ్యి పట్టుకుని అందరికంటే ముందే సండేస్కూలుకు వచ్చేవాడు. ఎలా ఉన్నావు బాబూ అని అడిగితే, “బాగున్నామండీ అయ్యగారూ” అనేవాడు.

ఒక ఆదివారం వాడు 23వ కీర్తన మొత్తం తడబడకుండా అప్పజెప్పాడు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఇంత కష్టంలోనూ ఈ పసివాడి విశ్వాసం చూడండని మేము వేదిక మీది నుంచి అందరికీ చెప్పాం. బతుకంతా దేవుని మందిరంలోనే ఉంటాననే ఆశతో ఆ కీర్తన ముగుస్తుంది. అది విని ఆమేన్ అన్న మేమంతా ఆరాధన కాగానే అదే మందిరానికి తాళం వేసి ఎవరిళ్లకు వాళ్లం వెళ్లిపోయాం. వాళ్లు ఆటో దగ్గరికి వెళ్లారు.

ఆ తర్వాత కొన్నాళ్లకు తల్లి మా ఇంట్లో చెప్పిన మాట మమ్మల్ని నిలువునా కోసింది. “వీడు రాత్రిళ్లు నిద్రపోవట్లేదు అమ్మగారూ. ఏ చిన్న చప్పుడైనా లేచి కూర్చుంటాడు. చెల్లి ఉందా, పుస్తకాలున్నాయా అని చీకట్లో తడిమి చూసుకుంటాడు. ఇల్లు పోయిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా ఏడవలేదు” అందామె. మేము ధైర్యమనుకుని మెచ్చుకున్నది ఒక పసివాడు రాత్రంతా కాస్తున్న కాపలా!

బైబిలులో హాగరు కథ మనకు తెలిసిందే. అబ్రాహాము ఇంటి నుంచి పంపివేయబడిన ఆ తల్లి కొడుకు ఇష్మాయేలుతో బెయేర్షెబా అరణ్యంలో దారితప్పి తిరిగింది. తిత్తిలోని నీళ్లు అయిపోయాయి. కొడుకు చావు చూడలేక వాణ్ణి ఒక పొద కింద వదిలి, దూరంగా కూర్చుని బిగ్గరగా ఏడ్చింది. ఇక్కడ ఒక విశేషం గమనించాలి. వచనంలో ఏడ్చినది తల్లి. కానీ దేవుడు విన్నది చిన్నవాడి మొర (ఆది 21:16,17). ఇష్మాయేలుకు అప్పటికి 14 ఏళ్లు దాటాయి. ఏడుపు దాచుకోవడం నేర్చిన వయసది. తల్లి ఏడుస్తున్నప్పుడు తానూ ఏడిస్తే ఆమె ఏమైపోతుందోనని మౌనంగా ఉండిపోయే పిల్లలు ఎందరు లేరు! ఆ మౌనాన్ని కూడా దేవుడు మొరగా విన్నాడు. ‘దేవుడు వింటాడు’ అన్నదే ఇష్మాయేలు పేరుకు అర్థం.

విని ఊరుకోలేదు. పిల్లవాణ్ణి లేపి చేత్తో పట్టుకోమని తల్లికి ఆజ్ఞాపించాడు. ఆమె కళ్లు తెరిచి నీళ్ల బావిని చూపించాడు. వీడు గట్టివాడు, ఎలాగో తట్టుకుంటాడని వదిలేయలేదు.

గూడులేని పిల్లల మీద అమెరికాలో ఏళ్ల తరబడి పరిశోధన చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆన్ మాస్టెన్ కూడా 2001లో ఇలాంటి సంగతే రాశారు. పిల్లల్లో కష్టాన్ని తట్టుకునే శక్తి ఏదో అరుదైన వరం కాదు, మామూలు సంగతుల ఫలితమేనన్నారు ఆమె. ప్రేమగా పట్టించుకునే పెద్దలు, క్రమంగా సాగే బడి, వెన్నంటి ఉండే నలుగురు మనుషులు వంటి ఆసరాలుంటే పిల్లలు నిలబడతారు. అవి ఒక్కొక్కటీ ఊడిపోతే ఎంత గట్టి పిల్లవాడైనా కుంగిపోతాడు. పిల్లల ఓర్పు దేవుడు వారికిచ్చిన కృప. అది మనకిచ్చిన మినహాయింపు కాదు.

మా సంఘ కమిటీలో ఈ విషయం పెట్టినప్పుడు అభ్యంతరాలు రాకపోలేదు. అలవాటవుతుందన్నారు కొందరు, రేపు ఇంకొకరు వస్తారన్నారు మరికొందరు. చివరికి సండేస్కూలు గది ఆ కుటుంబానికి ఇచ్చాం. రెండు నెలల్లో స్త్రీల సమాజం వారు పోగుచేసిన డబ్బుతో ఒక చిన్న పోర్షనుకు అడ్వాన్సు కట్టాం. మేము చేసింది ఆలస్యంగా చేసిన కొంచెమే. ఆ ఆలస్యానికి దేవుని ఎదుట సిగ్గుపడుతున్నాం.

2011 జనగణన ప్రకారం మన దేశంలో ఇళ్లు లేనివారు 17.7 లక్షల మంది. వారిలో మన మందిరాల గేట్ల ముందు పడుకునేవారూ ఉంటారు. దిక్కులేని బీదల్ని ఇంట చేర్చుకోవడమే దేవుడు కోరే ఉపవాసమని యెషయా ప్రవక్త ప్రకటించాడు (58:7). ఉపవాస కూటాలకు తెరుచుకునే మన హాళ్లు ఆ బీదల కోసం ఎందుకు తెరుచుకోవు? అడ్వాన్సు లేక ఆగిపోయిన కుటుంబానికి కానుకలలో నుంచి ఎందుకు తోడ్పడకూడదు? ఇల్లు మారిన పిల్లల్ని టీసీ ఆలస్యమైందనో, వయసు ధ్రువపత్రం లేదనో బడి నుంచి తిప్పి పంపకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆ మాట తెలియని తల్లిదండ్రుల వెంట హెడ్మాస్టరు దగ్గరికి నడవడం కూడా పరిచర్యే.

కొత్త పోర్షనులో మొదటి రాత్రి ఆ బాలుడు ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడట. తర్వాతి వారం పెన్సిలు విరిగిందని వెక్కివెక్కి ఏడ్చాడని తల్లి కంగారుగా వచ్చి చెప్పింది. మేము దేవునికి స్తోత్రం చెప్పాం. ఏడవడానికి కూడా పిల్లలకు ఒక ఇల్లు కావాలి.