పేరేం పెట్టాలో అడిగిన్రు.. జిల్లా ఉంచాలా అని అడగలే!

2011 సెప్టెంబర్ 4. జర్మనీ ఈశాన్య మూలన, బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న మెక్లెన్‌బుర్గ్-ఫోర్‌పోమెర్న్ రాష్ట్రంలో ఓట్ల జాతర. రాష్ట్ర శాసనసభకు ఓటు, జిల్లా సభకు ఓటు, జిల్లా అధినేతకు ఓటు. వీటితోపాటు ఇంకో కాగితం చేతిలో పెట్టారు. కొత్తగా పుట్టే మీ జిల్లాకు ఏ పేరు పెట్టుకుంటారో చెప్పండి అని.

ఎంత గొప్ప ప్రజాస్వామ్యం! నీ ఇల్లు కూలగొట్టి, పక్కింట్లో కలిపి, గుమ్మం మీద బోర్డు నువ్వే రాసుకో అన్నట్టుంది ముచ్చట. కలపాలా వద్దా అని మాత్రం ఆ కాగితంలో లేదు. ఆ రోజే డెమ్మిన్ అనే జిల్లా పటం మీద నుంచి మాయమైంది.

ఎక్కడి డెమ్మిన్, మనకెందుకు అనుకోవద్దు. జిల్లా అంటే పాలకులకు ఒక ఫైలు, ప్రజలకు ఒక అస్తిత్వం. ఈ రెండూ కొట్లాడితే ఏమైతదో డెమ్మిన్ కథలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

మూడు నదులు కలిసే గడ్డ

పేనె, టోలెన్సె, ట్రేబెల్. ఈ మూడు నదులూ డెమ్మిన్ పట్టణం దగ్గర కలుస్తాయి. బల్లపరుపు నేల, బాడవ భూములు, సరస్సులు, దూరదూరంగా చిన్నచిన్న పల్లెలు. జిల్లా విస్తీర్ణం దాదాపు 1,920 చదరపు కిలోమీటర్లు. చివరి రోజుల్లో జనాభా 80 వేల దరిదాపు. అంటే చదరపు కిలోమీటరుకు 40 మందికి కాస్త అటూఇటూ. జనం పలచన, చరిత్ర చిక్కన.

టోలెన్సె లోయలో 1996 నుంచి బయటపడుతున్న ఎముకలూ ఆయుధాలూ సుమారు 3,200 ఏళ్ల కిందటి యుద్ధానివి. మధ్యయుగాల్లో డెమ్మిన్ హన్సా వర్తక పట్టణాల కూటమిలో ఒకటి. 1648 తర్వాత స్వీడన్ రాజుల కింద, 1720 తర్వాత ప్రష్యా కింద ఉంది. ఒకప్పుడు పేనె నదే సరిహద్దు. అవతల ఒడ్డు స్వీడన్‌ది, ఇవతల ఒడ్డు ప్రష్యాది. 1815లో అవతలి ఒడ్డు కూడా ప్రష్యా చేతికొచ్చింది.

ఈ జిల్లాలో రెండు గడ్డలున్నాయి. డెమ్మిన్, అల్టెన్‌ట్రెప్టో పోమెర్న్ గడ్డ. మల్హీన్, ష్టావెన్‌హాగెన్, డార్గున్ మెక్లెన్‌బుర్గ్ గడ్డ. ష్టావెన్‌హాగెన్‌లోనే 1810లో ఫ్రిట్జ్ రాయిటర్ పుట్టాడు. విద్యార్థి సంఘంలో ఉన్నందుకు ప్రష్యా ఆయనకు మరణశిక్ష వేసి, తర్వాత 30 ఏళ్ల ఖైదుగా మార్చింది. 1840లో బయటికొచ్చిన ఆ మనిషి, పండితులు మోటు భాషని తీసిపారేసిన ప్లాట్‌డోయిచ్‌లోనే, అంటే ఇంట్లో తల్లి మాట్లాడే యాసలోనే రాసి జర్మనీ అంతటా పేరు తెచ్చుకున్నాడు. ఆ పట్టణం ఈనాటికీ తన పేరుకు ముందు రాయిటర్ పట్టణం అని గర్వంగా రాసుకుంటుంది. యాసకు ఉండే గౌరవం అది!

దొరల చేతి నుంచి జనం చేతికి

మన దగ్గర జిల్లా అనగానే కలెక్టర్ గుర్తొస్తాడు. పైనుంచి వస్తాడు, పై వాళ్లకే జవాబు చెప్తాడు. జర్మనీ జిల్లా అట్లా కాదు. అక్కడ లాండ్‌క్రైస్ అంటే గ్రామీణ జిల్లా. దానికి క్రైస్‌టాగ్ అనే సభ. సభ్యులను జనం ఎన్నుకుంటారు. జీతం తీసుకునే కొలువు కాదది. పగలు సొంత పని చేసుకుంటూ, సాయంత్రం సభకు వచ్చే మామూలు మనుషులు. జిల్లా అధినేతను లాండ్‌రాట్ అంటారు. ఈ రాష్ట్రంలో ఆయనకూ జనమే నేరుగా ఓటేస్తారు. జిల్లా రోడ్లు, చెత్త సేకరణ, బడి బస్సులు, సంక్షేమ సాయం, పిల్లల సంరక్షణ, ఇల్లు కట్టుకునే అనుమతి, బండి రిజిస్ట్రేషన్.. అన్నీ జిల్లా చేతిలోనే. కింద పంచాయతీల వంటి గెమైండెలు, కొన్ని పల్లెలకు కలిపి ఒక ఉమ్మడి ఆఫీసు. పైన జిల్లా. పల్లె మనిషికి సర్కారు అంటే ఇదే.

ఇది ఎవరో దానం చేసింది కాదు. 1818 నుంచి ప్రష్యా ఏలుబడిలో డెమ్మిన్ జిల్లా ఉంది. అప్పటి లాండ్‌రాట్ రాజు మనిషి, ఎక్కువగా ఆ ప్రాంత భూస్వామే. పల్లెల్లో పోలీసు అధికారం కూడా దొరదే. భూమి ఆయనది, లాఠీ ఆయనది, తీర్పు ఆయనది! 1872లో జిల్లాల చట్టం తెచ్చి, దొరల పోలీసు అధికారం తీసేసి, జిల్లాకు స్వయంపాలన ఇస్తామంటే ఎగువసభలోని దొరలు అడ్డం పడుకున్నారు. చివరికి రాజు 25 మంది కొత్త సభ్యులను నియమించి మరీ చట్టాన్ని గట్టెక్కించాల్సి వచ్చింది. అయినా జిల్లా సభలో పెద్ద భూస్వాముల పెత్తనం వెంటనే పోలేదు. దశాబ్దాలు పట్టింది. అట్లా అంగుళం అంగుళం సాధించుకున్న హక్కును ఒక్క చట్టంతో మడిచి సంచిలో పెడితే ఊరుకోవాలా?

పేరునే నిషేధించిన్రు

నాజీలు వచ్చాక ఎన్నికైన సభలకు ప్రాణం పోయింది. 1945 వసంతంలో వెనక్కి పారిపోతున్న జర్మన్ సైన్యం డెమ్మిన్ నదుల మీది వంతెనలు పేల్చేసింది. ఎర్రసైన్యం పట్టణంలోనే ఆగిపోయింది. పట్టణం కాలిపోయింది. వందలాది మంది సామాన్యులు ఆ నదుల్లోనే ప్రాణాలు తీసుకున్నారు. తర్వాత వచ్చిన తూర్పు జర్మనీ సర్కారు ఆ దుఃఖం గురించి దశాబ్దాల పాటు నోరెత్తనీయలేదు.

ఇంతటితో ఆగలేదు. 1947లో రాష్ట్రం పేరులోంచి ఫోర్‌పోమెర్న్ అనే మాటనే కొట్టేశారు. ఉత్త మెక్లెన్‌బుర్గ్ మిగిలింది. పోమెర్న్ గడ్డ మీద పుట్టినవాళ్లకు తమ గడ్డ పేరు సర్కారు కాగితాల మీద లేకుండా పోయింది. 1952లో ఏకంగా రాష్ట్రాలనే రద్దు చేశారు. ఐదు రాష్ట్రాల జాగలో 14 మండలాలు. డెమ్మిన్‌ను నోయ్‌బ్రాండెన్‌బుర్గ్ మండలంలో పడేశారు. పాత జిల్లాను చీల్చి అల్టెన్‌ట్రెప్టోను విడిగా పెట్టారు. బెర్లిన్‌లో ఒక బల్ల, ఒక పటం, ఒక ఎర్ర పెన్సిలు. అంతే!

కానీ జనం మనసులోని పటాన్ని ఏ పెన్సిలూ చెరపలేదు. గోడ కూలింది. 1990 మే 6న స్వేచ్ఛగా స్థానిక ఎన్నికలు జరిగాయి. అదే ఏడాది అక్టోబర్ 3న ఐదు రాష్ట్రాలూ తిరిగి నిలబడ్డాయి. కొట్టేసిన ఫోర్‌పోమెర్న్ మాట కూడా రాష్ట్రం పేరులోకి తిరిగొచ్చింది. 38 ఏళ్లు పటం మీద లేని రాష్ట్రాలు మళ్లీ లేచి నిలబడ్డాయంటే, పాలకుల గీతలు పైపైనవని, ప్రజల యాది లోతైనదని అర్థం కావాలి.

ముప్పై ఒకటి.. పన్నెండు.. ఆరు!

స్వేచ్ఛ వచ్చింది కదా, ఇక జిల్లాల జోలికి పోరని అనుకుంటే పొరపాటే. ఈ రాష్ట్రంలో 1994 దాకా 31 గ్రామీణ జిల్లాలుండేవి. ఆ ఏడాది జూన్‌లో వాటిని 12 చేశారు. డెమ్మిన్, అల్టెన్‌ట్రెప్టో, మల్హీన్ జిల్లాలను కలిపి కొత్త డెమ్మిన్ జిల్లా చేశారు. పోమెర్న్, మెక్లెన్‌బుర్గ్ రెండు గడ్డల మనుషులూ ఒక ఇంట్లో కాపురం నేర్చుకుంటున్నారు. పదేళ్లు గడిచాయో లేదో మళ్లీ కత్తెర తీశారు. 2006లో చేసిన చట్టం ప్రకారం 12 గ్రామీణ జిల్లాలు, 6 నగర జిల్లాలు కలిపి మొత్తం 18 పోయి, ఐదే మిగలాలి!

కొందరు కోర్టుకెక్కారు. 2007 జూలై 26న గ్రైఫ్స్‌వాల్డ్‌లోని రాష్ట్ర రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది. ఆ తీర్పు సారాంశం ఏందంటే, స్వయంపాలన అంటే ఖర్చు లెక్క ఒక్కటే కాదు. జీతం లేకుండా పనిచేసే సభ్యుడు తన జిల్లాను తిరిగి చూడగలగాలి, దాని బాగోగులు తెలుసుకోగలగాలి. ఆ కోణాన్ని శాసనసభ సరిగా తూచలేదు, ఇంతకన్నా తక్కువ నష్టం చేసే దారులను చూడలేదు. ఎంత సాదా మాట! ఎంత పెద్ద మాట! సభ్యుడు తిరగలేనంత జిల్లాలో ప్రజాస్వామ్యం కాగితం మీదే మిగులుతుందని న్యాయమూర్తులకు తెలిసింది, పాలకులకు తెలియలేదు.

బుద్ధి వచ్చిందా? రాలేదు. గద్దె మీద పొత్తులు మారాయి గానీ కత్తెర మారలేదు. 2006లో ఎస్‌పీడీ, పీడీఎస్ కలిసి చేశాయి. 2010లో ఎస్‌పీడీ, సీడీయూ కలిసి చేశాయి. ఈసారి 5 కాదు, 6 గ్రామీణ జిల్లాలు, 2 నగర జిల్లాలు అన్నారు. మళ్లీ కేసులు పడ్డాయి. ఎన్నికలకు సరిగ్గా 17 రోజుల ముందు, 2011 ఆగస్టు 18న, అదే న్యాయస్థానం ఈసారి చట్టాన్ని నిలబెట్టింది.

డెమ్మిన్‌ను రెండు ముక్కలు చేశారు. యార్మెన్, లోయిట్స్ వైపు పల్లెలు ఒక జిల్లాకు, డెమ్మిన్ పట్టణం సహా మిగతాదంతా మెక్లెన్‌బుర్గ్ సరస్సుల జిల్లాకు. వందల ఏళ్ల పోమెర్న్ పట్టణం ఇప్పుడు మెక్లెన్‌బుర్గ్ పేరున్న జిల్లాలో ఉంది! 1947లో తీసేసింది ఒక రకం, 2011లో తీసేసింది ఇంకో రకం. ఆ కొత్త జిల్లా విస్తీర్ణం 5 వేల చదరపు కిలోమీటర్లు దాటింది. జర్మనీలో అంతకన్నా పెద్ద జిల్లా లేదు. జార్‌లాండ్ అనే రాష్ట్రానికే అది రెండింతలు! కేంద్రం నోయ్‌బ్రాండెన్‌బుర్గ్. డెమ్మిన్‌లో ఒక శాఖా కార్యాలయం మిగిల్చారు. ముఖ్యమైన నిర్ణయం మాత్రం నలభై యాభై కిలోమీటర్ల అవతల.

ఇంకో వింత చూడండి. జర్మనీలో రాష్ట్రాల సరిహద్దులను పెద్దగా మార్చాలంటే జనాన్ని ఓటు అడగాలి. 1996 మే 5న బెర్లిన్, బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్రాలను కలుపుతామంటే బ్రాండెన్‌బుర్గ్ జనం వద్దన్నారు, ముచ్చట అక్కడితో ముగిసింది. జిల్లాకు మాత్రం ఆ రక్షణ లేదు. రాష్ట్ర శాసనసభలో చేతులెత్తితే చాలు. రాష్ట్రానికి నోరుంది, జిల్లాకు లేదన్నమాట!

పైసలు మిగిలినయా?

కలిపినవాళ్ల వాదన కూడా విందాం. జనాభా తగ్గుతోంది, యువత పడమటికి పోతోంది, తూర్పు రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చే ప్రత్యేక సాయం 2019తో ఆగిపోతుంది, కాబట్టి ఖర్చు తగ్గించాలి అన్నారు. జనాభా తగ్గిన మాట నిజం. సాయం తరిగిన మాట నిజం. జిల్లాలు కలిపితే ఖర్చు తగ్గుతుందన్న మాట నిజమా?

సాక్సనీ రాష్ట్రం 2008లో 22 గ్రామీణ జిల్లాలను 10 చేసింది. ఆ లెక్కలను ఫెలిక్స్ రోజెల్ అనే ఆర్థికవేత్త 2017లో తవ్వి చూశాడు. ఖర్చు తగ్గిన ఆనవాలు దొరకలేదు! అదే ఏడాది ఆయన, సెబాస్టియన్ బ్లెస్సె కలిసి ఇటువంటి విలీనాల మీద వచ్చిన పరిశోధనలను ఒక్కచోట పెట్టి చూశారు. ఆశించిన పొదుపు కనిపించడం అరుదు, ఓటేసేవాళ్లు తగ్గడం మాత్రం కనిపిస్తుంది అని తేల్చారు. పైసలు మిగల్లేదు, జనం దూరమయ్యారు. ఇదేం బేరం?

ఆఫీసు మూసేస్తే ఒక బిల్డింగు ఖాళీ అవుతుందని పాలకుల లెక్క. కానీ ఆ ఆఫీసు చుట్టూ చదువుకున్న ఉద్యోగులుంటారు, హోటలు నడుస్తుంది, బస్సు ఆగుతుంది, స్థానిక పత్రికకు ఒక విలేకరి ఉంటాడు. సభ సాగితే పది మంది కొత్త నాయకులు తయారవుతారు. అన్నీ పోయాక ఆ పట్టణంలో ఎవరు మాట్లాడతారు? ద్వేషం అమ్ముకునేవాడు మాట్లాడతాడు. ఏటా మే 8న, 1945 నాటి దుఃఖాన్ని వాడుకోవడానికి నయా నాజీలు డెమ్మిన్ వీధుల్లో కవాతుకు వస్తుంటే, వాళ్లకు ఎదురు నిలబడుతున్నది ఆ ఊరి జనమే. అటువంటి ఊరికి బలం పెంచాలా, తుంచాలా?

కదిలితే ఆగుతది

డెమ్మిన్ ఓడిపోయింది. అయితే వేరే రాష్ట్రాలు కళ్లు తెరిచాయి. ట్యూరింగియా సర్కారు ఇదే దారి పట్టబోతే, 2017 జూన్ 9న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం మొదటి చట్టాన్నే కొట్టేసింది. ఆ తర్వాత జిల్లాల విలీనం ఆలోచన మూలన పడింది. బ్రాండెన్‌బుర్గ్‌లో లక్షకు పైగా సంతకాలు కుప్పపోశారు జనం. 2017 నవంబర్ 1న ముఖ్యమంత్రి డీట్‌మార్ వోయిడ్కె సొంత ప్రణాళికను తానే వాపస్ తీసుకున్నాడు. కోర్టు ఒక చోట ఆపింది, సంతకం ఒక చోట ఆపింది. ఆగదు అన్నది ఆగింది!

డెమ్మిన్‌లోనూ యాది చావలేదు. జర్మనీలో బండి నంబరు ముందు జిల్లా అక్షరాలుంటాయి. విలీనంతో ఎంఎస్ఈ అనే కొత్త అక్షరాలు రుద్దారు. 2012లో నిబంధనలు సడలించగానే పాత డీఎం అక్షరాలు మళ్లీ రోడ్డెక్కాయి. అల్టెన్‌ట్రెప్టో వాళ్ల ఏటీ, మల్హీన్ వాళ్ల ఎంసీ కూడా తిరిగొచ్చాయి. 1994లో పోయిన జిల్లాల అక్షరాలను దాదాపు 20 ఏళ్ల తర్వాత సర్కారే మళ్లీ ఇవ్వాల్సి వచ్చిందంటే ఏమనాలి? సభను తీసుకున్నారు, సీటు తీసుకున్నారు. రేకు ముక్క మీది రెండక్షరాలను మాత్రం మళ్లీ ఇవ్వక తప్పలేదు.

మన దిక్కు గాలి అటు నుంచి ఇటు వీచింది. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అక్కడ కలిపారు, ఇక్కడ విడగొట్టారు. చిన్నదైతే మంచిదని, పెద్దదైతే చెడ్డదని గుడ్డిగా అనడం లేదు. అడగాల్సిన ప్రశ్నలు మాత్రం రెండు చోట్లా అవే. గీత ఎవరు గీశారు? ఎవరిని అడిగి గీశారు? గీసిన గీత లోపల ఎన్నికైన సభకు అధికారం ఉందా, లేక పైనుంచి వచ్చిన అధికారికే అధికారం ఉందా?

జిల్లా పేరు పెట్టే హక్కు ఒక్కటి ఇచ్చి మురిపించేవాళ్లను నమ్మొద్దు. పేరు మాదే, ఊరు మాదే, గీత గీసే పెన్సిలూ మా చేతిలోనే ఉండాలి. స్వయంపాలన అంటే అది!