రంగస్థలం లేని ఊరు

గుడి గోపురం కాస్త బీటవారితే ఊరు ఊరంతా కదులుతుంది. బడి పైకప్పు కురిస్తే తల్లిదండ్రులైనా నిలదీస్తారు. నాటకశాలను పడగొడితే మాత్రం అడిగేవాడుండడు. పైగా "ఆ పాత కొంప ఎందుకండీ, నాటకాలెవరు చూస్తున్నారిప్పుడు?" అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఆ చోటున దుకాణాల సముదాయమో, ఫంక్షన్ హాలో లేస్తుంది. పదేళ్ళు గడిచేసరికి అక్కడ ఒక రంగస్థలం ఉండేదన్న సంగతి చెప్పే మనిషి కూడా మిగలడు.

ఈ సమాధానంలో తర్కం తలక్రిందులుగా ఉన్నదని నా అభిప్రాయం. చూసేవారు లేక నాటకశాల పోయిందంటారు. చూసే చోటు పోయినందువల్లనే చూసేవారు పోయారన్నది అంతకంటె ఎక్కువ నిజం.

చరిత్రను కొంచెం నెమరువేసుకుందాం. 1880లలో ధారవాడ నాటక సమాజంవారు మన ప్రాంతాలలో తిరిగి, పాకలు వేసి ప్రదర్శనలిచ్చారు. అవి చూసిన తెలుగువారికి మనమూ ఇట్లా ఆడాలన్న ఉత్సాహం కలిగింది. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు సరసవినోదిని సభను నెలకొల్పి, నాటకంలో పాటకు స్థానం కల్పించారు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధ ప్రదర్శనతో సురభి సమాజం పుట్టింది. తోలుబొమ్మలాడించిన కుటుంబాలవారు తామే వేషాలు కట్టి రంగమెక్కారు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించడం వారి సమాజంలో తొలినాళ్ళనుండీ ఉన్నది. మిగతాచోట్ల చాలాకాలం పురుషులే ఆ పాత్రలు ధరించారు. వారిలో స్థానం నరసింహారావుగారు అగ్రగణ్యులు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు.

ఆ తరువాత సినిమా వచ్చింది. తొలి పూర్తి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. దానికి ఆధారం ధర్మవరంవారి నాటకం. అందులో లీలావతిగా నటించిన కమలాబాయి సురభి బిడ్డ. అంటే నాటకరంగం తన కథను, తన నటులను సాగనంపి సినిమాకు కాపురం పెట్టించింది. క్రమంగా తన ఇంటినీ ఇచ్చేసింది. నాటకాల కోసం కట్టిన హాళ్ళు ఎన్నో టాకీసులయ్యాయి. ఆ టాకీసులు కూడా ఇప్పుడు ఒక్కొక్కటిగా నేలమట్టమవుతున్నాయి. పాటకూ పద్యానికీ ఒకప్పుడు ఆశ్రయమైన గోడలు రెండుసార్లు చచ్చిపోయాయన్నమాట.

మా ధర్మపురి సంగతి వేరని కొందరనవచ్చు. ఇది గోదావరి ఒడ్డున నరసింహస్వామి వెలసిన క్షేత్రం. నరసింహ శతకం చెప్పిన శేషప్పకవి ఊరు. ఇక్కడ కవిత్వానికీ, గానానికీ గుడే నీడ. ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాలకు వచ్చే జనానికి టిక్కెట్టు హాలు అక్కరలేదు. నాలుగు గుంజలు పాతి, పైన పరదా కడితే అదే రంగస్థలం. నా చిన్నతనంలో ఇటువంటి పందిళ్ళలోనే ప్రహ్లాదుని కథ చూశాను. స్తంభం చీల్చుకొని నరసింహుడు వచ్చే ఘట్టం రాగానే ముందు వరుస పిల్లలం లేచి వెనక్కి పరుగెత్తేవాళ్ళం. పెద్దలు దండం పెట్టేవారు. చిందువారి భాగోతమైతే ఊరి నడుమ ఖాళీ జాగాలోనే తెల్లవార్లూ సాగేది. నిజామాబాదు జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ 2005లో కన్నుమూసింది. జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. వారి కళకు ఏ కాలంలోనూ సిమెంటు కప్పు లేదు.

సురభివారి ఉదాహరణ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. వారిది విప్పడానికే కట్టిన నాటకశాల. గుంజలు, రేకులు, తెరలు అన్నీ మూటగట్టి ఊరూరా మోసుకుపోయేవారు. ఒకానొక దశలో ముప్ఫైకి పైగా సురభి సమాజాలుండేవి. నేడు వేళ్ళమీద లెక్కించదగినన్నే మిగిలాయి. అయినా ఆ ఆట ఆగలేదు. 2013లో ఫ్రాన్సు దేశపు మెట్జ్ నగరంలోనూ ప్రదర్శనలిచ్చారు. అదే ఏడు సురభి బాబ్జీగారికి పద్మశ్రీ లభించింది. ఆయన 2022లో పరమపదించారు.

మరి భవనం లేకున్నా కళ నిలిచిందిగదా, హాలు పోయిందని శోకమెందుకు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ చిందువారికీ, సురభివారికీ ఇల్లు లేకపోయినా జాగా ఉండేది. ఊరి మధ్య మైదానం ఉండేది. నెలల తరబడి డేరా వేసుకుంటామంటే ఇచ్చే ఊరు ఉండేది. ఇప్పుడు ఆ మైదానాలు ప్లాట్లయ్యాయి. హాలూ లేక, జాగా లేక ఆట ఎక్కడ ఆడాలి? సంచార నాటకశాల ఆగిపోవడానికీ, స్థిరమైన నాటకశాల కూలిపోవడానికీ కారణం ఒక్కటే. నేల ధర పెరిగింది. ఆ నేలమీద పాడే పద్యం ధర పెరగలేదు.

తెలుగు పండితుడుగా నాకు ఇందులో ఒక స్వార్థం కూడా ఉన్నది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సీసపద్యం లక్షణం చెప్పడానికి కష్టపడవలసి వచ్చేది కాదు. హరిశ్చంద్ర కాటిసీనులోని పద్యాలు, ఉద్యోగ విజయాలలోని రాయబార పద్యాలు పిల్లల చెవుల్లో అప్పటికే ఉండేవి. అక్షరం సరిగా రాని పిల్లవాడు కూడా యతి దగ్గర ఆగేవాడు. గణవిభజన వానికి తరువాత తెలిసేది, నడక ముందే తెలిసేది. నా ఉద్యోగపు చివరి సంవత్సరాలలో తరగతి మొత్తంలో ఒక్కరూ పద్యం విని ఉండలేదు. గురువు, లఘువు గుర్తులు తప్పు లేకుండా పెట్టేవారు, మార్కులూ తెచ్చుకొనేవారు. చదవమంటే వార్తాపత్రిక చదివినట్టు చదివేవారు. ఛందస్సు చెవినుండి కాగితం మీదికి వలసపోయింది. పిల్లల తప్పేమీ లేదు. వాళ్ళు వినే చోటును మనమే పడగొట్టాం.

యూట్యూబులో అన్ని నాటకాలూ దొరుకుతున్నాయిగదా అనే మిత్రులకు ఒక మాట. నేనూ చూస్తాను, ఆ సేవ చేసేవారికి నమస్కరిస్తాను. కానీ నాటకశాలలో "వన్స్‌మోర్" అనే కేక ఒకటుండేది. ఆ కేకకు నటుడు శవం పాత్రలో పడుకొని ఉన్నా లేచి పద్యం మళ్ళీ పాడేవాడని పరిహాసమాడేవారు. రెండవసారి పాడిన పద్యం మొదటిదానివలె ఉండేది కాదు. జనం ఎక్కడ ఊగారో గ్రహించి అక్కడ రాగం పెంచేవాడు. వీడియోలో వెనక్కి జరిపితే అదే పద్యం అట్లాగే వస్తుంది. అది మన మాట వినదు.

ఇంగ్లండువారి అనుభవం మనకు పనికివస్తుంది. లండనులో పంతొమ్మిదవ శతాబ్దంలో మ్యూజిక్ హాళ్ళు వెలిశాయి. చార్లీ చాప్లిన్ తల్లిదండ్రులు అక్కడి గాయకులే. 1852లో తెరచిన కాంటర్‌బరీ హాలు రెండవ ప్రపంచయుద్ధంలో బాంబుదెబ్బ తిని, 1955లో కూల్చివేతకు గురైంది. 1859 నాటి విల్టన్స్ హాలుకు మాత్రం 1960లలో కూల్చివేత తప్పింది. జనం గట్టిగా అడిగినందువల్లనే తప్పింది. నేటికీ అక్కడ ప్రదర్శనలు జరుగుతున్నాయి. ఆ దేశంలో 1976లో నాటకశాలల రక్షణకే ఒక చట్టం చేసి, ఒక సంస్థను ఏర్పరచారు. నాటకశాల ఉన్న నేలమీద నిర్మాణానికి అనుమతి ఇచ్చేముందు ఆ సంస్థ అభిప్రాయం తీసుకోవాలి. మన దేశంలోనూ కలకత్తా స్టార్ థియేటర్ 1991లో కాలిపోతే, నగరపాలక సంస్థ పూనుకొని తిరిగి నిలబెట్టింది.

మనకు 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. సంతోషమే. కానీ వారసత్వం అనగానే మన కన్ను కోటమీదికి, గడీమీదికి పోతుంది. అరవై ఏళ్ళ నాటి, అందం లేని ఒక రేకుల హాలు ఆ చూపుకు ఆనదు. అందుచేత నా కోరికలు చిన్నవి. ఏ ఊళ్ళోనైనా నాటకశాలను, కళాభవనాన్ని పడగొట్టేముందు పురపాలకులు దాని కొలతలు, చిత్రాలు, అందులో ఆడినవారి జ్ఞాపకాలు సేకరించి గ్రంథాలయంలో ఉంచాలి. ఆ చోట కట్టే భవనంలో ఒక అంతస్తయినా రంగస్థలానికి కేటాయించాలి, పెండ్లివారు కట్టగల అద్దె కాక, నాటకంవారు కట్టగల అద్దెకు. కట్టడం కుదరని ఊళ్ళో ఒక ఖాళీ మైదానాన్ని ఖాళీగానే ఉంచాలి. ఇందులో కోట్లు ఖర్చయ్యే పని ఏదీ లేదు.

ప్రభుత్వం చేసేవరకు మనం ఊరక కూర్చోనక్కరలేదు. మీ ఊళ్ళో ఏ నాటకశాల ఉండేది? ఏ సంవత్సరంలో పోయింది? అక్కడ మీ తాతగారో, నాయనగారో ఏ వేషం చూశారు, లేదా కట్టారు? కరపత్రాలు, ఫోటోలు, హార్మోనియం వాయించినవారి నోటుపుస్తకాలు ఎవరి అటుకుమీదనైనా ఉన్నాయా? చెప్పగలవారు ఎనభై దాటి ఉన్నారు. వచ్చే సెలవులకు ఇంటికి పోయినప్పుడు వారి దగ్గర ఒక గంట కూర్చొని వ్రాసుకొని రండి. తేదీలు సరిగా లేకపోయినా ఫరవాలేదు, తరువాత సరిచూసుకోవచ్చు. ముందు మాట దక్కనీయండి.