మళ్ళీ అతని దగ్గరికేనా?

మా సంఘములో వయోలిన్ వాయించే పెద్దాయన ఒకరు ఇల్లు ఖాళీ చేసి కుమారుని దగ్గరకు వెళుతూ, తన పాత డివిడిలు ఒక అట్టపెట్టె నిండా మా ఇంటికి పంపించారు. అన్నీ ఇంగ్లీషు చిత్రాలే. సంగీతము ఉన్నవే ఎక్కువ. ఒక శనివారం రాత్రి, మరునాటి ప్రసంగము సిద్ధమైన తరువాత (నిజం చెప్పాలంటే ముప్పాతిక వంతే సిద్ధమైంది), మేమూ మా ఇంట్లోవారూ కూర్చుని అందులో ఒకటి పెట్టుకొన్నాము. 'ది సెవెన్త్ వీల్' దాని పేరు. అంటే ఏడవ ముసుగు. 1945లో ఇంగ్లండులో తీసిన నలుపు తెలుపు చిత్రం. గంటన్నర ఉంటుంది. దర్శకుడు కాంప్టన్ బెన్నెట్. కథ వ్రాసినది మ్యూరియల్ బాక్స్, సిడ్నీ బాక్స్ అనే భార్యాభర్తలు. ఆ రచనకు వారికి ఆస్కారు బహుమతి కూడా వచ్చింది.

పేరు వెనుక సంగతి ఒకటి చెప్పాలి. మనిషి మనస్సు సలోమే వంటిదని, ఏడు ముసుగుల వెనుక దాగి ఉంటుందని, చివరి ముసుగు ఎవరి ఎదుటా తీయదని చిత్రములో డాక్టరు అంటాడు. హేరోదు ఎదుట నాట్యమాడిన చిన్నదాని కథ మన చదువరులకు తెలిసినదే. కాని మత్తయిలో గాని మార్కులో గాని ఆమె పేరూ లేదు, ముసుగులూ లేవు. పేరు యూదుల చరిత్రకారుడు జోసీఫస్ గ్రంథములోనిది. ఏడు ముసుగుల నాట్యము ఆస్కార్ వైల్డ్ నాటకము వలన లోకానికి అలవాటైనది. సండేస్కూలు టీచర్లు కూడా అప్పుడప్పుడు పొరబడుతుంటారు గనుక వ్రాస్తున్నాము.

ఇక కథ. ఫ్రాన్సెస్కా అనే పియానో కళాకారిణి ఆసుపత్రి నుండి తప్పించుకొని, వంతెన మీద నుండి నదిలో దూకుతుంది. రక్షించి తెస్తారు గాని మాట్లాడదు. చేతులు ఇక పనిచేయవని ఆమె నమ్మకము. డాక్టరు ఆమెను నిద్రపుచ్చి, గతమంతా ఒక్కొక్కటే చెప్పిస్తాడు. బడిలో, స్కాలర్‌షిప్పు పరీక్ష రోజునే, ప్రధానోపాధ్యాయురాలు ఆమె చేతుల మీద బెత్తముతో కొట్టింది. పరీక్ష పోయింది. పద్నాలుగేళ్ళకు తండ్రి పోయాక నికొలస్ అనే దూరపు బంధువు ఇంటికి చేరింది. అతడు కుంటివాడు, చేతికర్రతో నడుస్తాడు. ఆడవాళ్ళంటే గిట్టదు. ఆ పిల్లకు సంగీతము ఉన్నదని కనిపెట్టి, గంటల కొద్దీ సాధన చేయించి గొప్ప కళాకారిణిని చేసినది అతడే. ఆమె ఒక యువకుణ్ణి ప్రేమిస్తే, ఇంకా మైనరువని చెప్పి పారిస్ తీసుకుపోయినదీ అతడే.

సంగీతము మాత్రం ఎంత చెప్పినా తక్కువే. గ్రీగ్, రఖ్‌మానినోవ్ కాన్‌చెర్టోలు వస్తాయి. వాయించినది ఐలీన్ జాయిస్ అనే ఆస్ట్రేలియా కళాకారిణి. దగ్గరగా చూపిన చేతులు కూడా ఆమెవే. పేర్ల పట్టికలో మాత్రం ఆమె పేరు వేయలేదు.

కొన్నేళ్ళ తరువాత ఆమె ఒక చిత్రకారునితో వెళ్ళిపోతానని చెప్పి, నికొలస్ ఎదుట బీతోవెన్ వాయిస్తూ కూర్చుంటుంది. అతడు చేతికర్ర ఎత్తి ఆమె వేళ్ళ మీదికి కొడతాడు. మా ఇంట్లోవారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకొన్నారు. చివరకు డాక్టరు ఆమెకు నయం చేస్తాడు. ముగ్గురు మగవాళ్ళు మెట్ల క్రింద కనిపెట్టుకొని ఉంటారు. ఆమె దిగివచ్చి నికొలస్ దగ్గరకు వెళుతుంది.

"మళ్ళీ అతని దగ్గరికేనా అండీ?" అన్నారు మా ఇంట్లోవారు.

మేము అతని పక్షాన మాట్లాడబోయాము. జేమ్స్ మేసన్ నటన అటువంటిది. ఆ గొంతు వింటే జాలి వేస్తుంది. పైగా చిన్నతనములో తల్లి వదిలి వెళ్ళిపోయిందని, అందుకే అలా తయారయ్యాడని కథలోనే చెప్పారు. బ్రిటిష్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ 2004లో వేసిన లెక్క ప్రకారం ఆ దేశములో ఈ చిత్రానికి సుమారు 1 కోటి 79 లక్షల టిక్కెట్లు తెగాయి. అంతమందికి నచ్చిన ముగింపే గదా అన్నాము.

"చికిత్స అంతా ఆ అమ్మాయికే చేశారు. కొట్టినవాడికి ఏం చేశారు?" అన్నారామె. కొంచెం ఆగి, ఎనిమిదేళ్ళ క్రితం మా దగ్గరకు వచ్చిన ఒక సహోదరి పేరు చెప్పారు.

ఆ రోజు మాకు బాగా జ్ఞాపకమే. ముఖం మీద దెబ్బ, చంకలో సంచి, రెండవ తరగతి చదివే పాప. భర్తను పిలిపించాము. ఏడ్చాడు. తండ్రి త్రాగి తనను ఎలా కొట్టేవాడో చెప్పాడు. మాకు కళ్ళు చెమర్చాయి. అతని బాధకు కారణము తెలిసిపోగానే పరిష్కారము దొరికినట్లే తోచింది. ప్రార్థన చేసి, ఆటో పిలిచి, ముగ్గురినీ ఎక్కించాము. గంట కూడా పట్టలేదు. ఆ సాయంత్రము ఎంతో తృప్తిగా భోజనము చేశాము. ఆమెను విడిగా కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడగలేదు.

రెండేళ్ళకు ఆమె పాపను తీసుకొని రాత్రివేళ బస్సెక్కి వేరే ఊళ్ళో పిన్నిగారి ఇంటికి వెళ్ళిపోయింది. మా ఇల్లు ఆమెకు రెండు వీధుల దూరము. ఎందుకు రాలేదో మాకు అర్థము కాలేదు, కొంత నొచ్చుకొన్నాము కూడా. ఒక పెళ్ళిలో ఆమె తల్లి మా ఇంట్లోవారితో చెప్పిందట, "అయ్యగారి దగ్గరకు వెళితే మళ్ళీ పంపించేస్తారని భయపడిందమ్మా" అని. ఇన్నేళ్ళుగా మాతో చెప్పలేక దాచుకొన్న ఆ మాట ఆ రాత్రి చెప్పారు.

ఆదివారపు ప్రసంగము ఎలా చేశామో మాకే తెలియదు. ఇక మీదట ఎవరైనా దెబ్బలతో వస్తే ముందు మా ఇంట్లోవారు ఆమెతో ఒంటరిగా మాట్లాడాలని, ఆమె వెళ్తానంటే తప్ప పంపకూడదని అనుకొన్నాము. గృహహింస నుండి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టము 2005లో వచ్చి 2006 అక్టోబరు నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారం రక్షణాధికారి దగ్గరకు వెళ్ళవచ్చును. 181కి ఫోను చేసినా సహాయము అందుతుంది. ఎనిమిదేళ్ళ క్రితం కూడా ఆ చట్టము ఉన్నదే. మేమే చూడలేదు.

సోమవారము ఆమెకు ఫోను చేశాము. మేము చేసినది తప్పని, క్షమించమని అడిగాము. చాలాసేపు అవతల కుట్టుమిషను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. తరువాత ఆ చప్పుడు ఆగింది.

"పాప పదవ తరగతికి వచ్చింది అయ్యగారూ. లెక్కల్లో బాగా చేస్తోంది" అన్నది.