తప్పెవరిదో తర్వాత, ముందు మూత తీద్దాం

సంక్రాంతి వెళ్ళాక చీటీ డబ్బులు చేతికొస్తే, 8,000 పెట్టి ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొన్నాను. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. మనం ఇంకా ఎంసెట్ అనే పిలుచుకుంటున్న ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, మూడు గంటల టైము, అంతా కంప్యూటర్ మీదే. ఫోన్ మీద చకచకా వేళ్ళాడించే పిల్లలకి మౌస్ పట్టుకుంటే చెయ్యి తడబడుతుంది. ఆ తడబాటేదో ఇంట్లోనే తీరిపోతుందని నా ఆశ.

రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు పిల్ల మాక్ టెస్ట్ రాస్తుంటే తెర నల్లబడి, దానంతటదే మళ్ళీ మొదలైంది. ఇక అప్పట్నుంచీ రోజూ అదే వరస.

ఇంట్లో విచారణ మొదలైంది. "పాతది వద్దని ముందే చెప్పానా?" అన్నారు మా ఆయన. "పొద్దస్తమానం దాని ముందు కూర్చుంటే అది మాత్రం ఎంతని ఓర్చుకుంటుంది?" అన్నారు అత్తయ్య. అమ్మిన కొట్టుకి ఫోన్ చేస్తే, "మీవారిని మాట్లాడమనండమ్మా, మీకు అర్థం కాదు" అన్నాడు. పిల్లేమో, "ఫ్రెండ్ పెన్‌డ్రైవ్ పెట్టానమ్మా, నేనే పాడు చేశానేమో" అని ఏడ్చింది. ఆ తర్వాత నాలుగు రోజులు దాని జోలికే పోలేదు. ఎనిమిది వేలు పోయినా అంత బాధపడేదాన్ని కాదు.

మా దుగ్గిరాల పసుపు యార్డులో కొనేవాళ్ళు కొమ్ము విరిచి లోపలి రంగు చూడందే ధర చెప్పరు. మేమేమో మూత కూడా తియ్యకుండానే నలుగురం నాలుగు తీర్పులు చెప్పేశాం.

మర్నాడు పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని పాల లెక్కల పుస్తకంలో వెనక పేజీ తీశాను. ఎప్పుడు ఆగింది, అప్పటికి ఎంతసేపైంది, నీళ్ళ మోటారు వేసి ఉందా, అన్నీ రాశాం. మోటారు వేస్తే మా ఇంట్లో లైట్లు మసకబారతాయి కాబట్టి నా మొదటి అనుమానం కరెంటు మీదే. రెండు రోజుల్లో ఆ అనుమానం తీరింది. మోటారు వేసినా వెయ్యకపోయినా ఆగుతోంది. కానీ ఇంకో సంగతి బయటపడింది. పొద్దున్నే పెడితే అరగంట దాకా నడుస్తుంది. ఆగి లేచాక వెంటనే వాడితే పది నిమిషాలు కూడా ఉండదు.

విండోస్‌లో అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, స్టార్టప్ అండ్ రికవరీ కింద "ఆటోమేటికల్లీ రీస్టార్ట్" అనే టిక్ తీసేశాం. ఆ టిక్ ఉంటే విండోస్‌లో తప్పొచ్చినా మనం చదివేలోపే మళ్ళీ మొదలైపోతుంది. తీసేస్తే నీలం తెర మీద ఆ తప్పు పేరు నిలబడుతుంది. మాకు నీలం తెర రాలేదు, ఠక్కున ఆగిపోయింది. అంటే కరెంటు సరఫరా చేసే ఎస్ఎంపీఎస్ డబ్బా అయినా అయ్యుండాలి, లోపలి వేడైనా అయ్యుండాలి. బయోస్‌లోకి వెళ్ళి చూస్తే ప్రాసెసర్ వేడి 80 డిగ్రీలు దాటి ఇంకా ఎక్కుతోంది.

ప్లగ్ పీకి, కాసేపాగి మూత తీశాం. ఫ్యాన్ కింద దుమ్ము పాత దుప్పటిలా పేరుకుపోయి ఉంది. ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని మెత్తటి బ్రష్‌తో దులిపాం. ప్రాసెసర్‌కీ దాని పైన ఉండే లోహపు దిమ్మకీ మధ్య రాసే పేస్ట్ ఎండి పెళుసుబారింది. దాన్ని తుడిచేసి బఠాణీ గింజంత కొత్తది పెట్టాం. ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచుని రబ్బరుతో రుద్ది మళ్ళీ నొక్కిపెట్టాం. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పలేదు, మీరూ విప్పకండి. ప్లగ్ తీసినా దాన్లో కరెంటు నిలవుంటుంది.

ఆ సాయంత్రం వేడి 50 దగ్గర నిలబడింది. పిల్ల మూడు గంటలూ కదలకుండా పరీక్ష రాసింది. ఇంతకీ దాని పెన్‌డ్రైవ్ తప్పేం లేదు.

బీఏ తెలుగు చదివినదాన్ని, నాకు కంప్యూటర్ల సంగతి ఏం తెలుసు? కానీ మిక్సీ ఆగిపోతే జార్ సరిగ్గా కూర్చుందా, కింద ఎర్ర బటన్ పడిపోయిందా అని ఒక్కొక్కటే చూసుకునేది మనమే కదా. పప్పు ఉడక్కపోతే విజిల్‌దా, గాస్కెట్‌దా అని కనిపెట్టేదీ మనమే. ఇదీ ఆ పనే. ఒకసారికి ఒక్కటే మార్చి చూడటం, చూసింది రాసుకోవడం, అంతే.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని పాత మెషిన్లు చౌకగా అమ్మకానికి వస్తాయి. కొనేముందు గంటసేపు నడిపించి, మూత తీయించి చూడండి. "మీవారిని పంపండి" అంటే ఇంకో కొట్టుకి వెళ్ళండి.

మగపిల్లాడు మెషిన్ విప్పితే బుర్ర ఉందంటాం, ఆడపిల్ల ముట్టుకుంటే పాడు చేస్తుందంటాం. ఆ మాట నాలుగుసార్లు వింటే పిల్లే నమ్మేస్తుంది. అందుకే ఇంట్లో ఏదైనా ఆగిపోతే "ఎవరు చేశారు?" అనకుండా "ఏమైందో చూద్దాం రా" అందాం. మా అమ్మాయి ఇప్పుడు స్క్రూడ్రైవర్ తన పెన్సిల్ బాక్స్‌లోనే పెట్టుకుంటోంది. అత్తయ్య మొన్న తన రేడియో కూడా దాని చేతికే ఇచ్చారు.