నొక్కినా పలకని బటన్

బ్యాంకు తెరపై 'సేవ్' బటన్ నొక్కితే ఏ జావా మెథడ్ నడవాలో ప్రోగ్రామర్ ముందే ముడివేసి పెట్టాలి. ఆ ముడి కంటికి కనబడాలా, పేర్ల పొందికలో దాగి ఉండాలా అన్నదే అసలు తగువు.

తైవాన్‌లో పుట్టిన జెడ్‌కే ఫ్రేమ్‌వర్క్‌లో ఒక పాత పద్ధతి పేర్లనే నమ్ముకుంది. మెథడ్ పేరులో ముందు 'ఆన్‌క్లిక్', నడుమ డాలర్ గుర్తు, చివర బటన్ ఐడీ రాస్తే చాలు, రెండూ వాటంతటవే కలుస్తాయి. రాత తక్కువ, చూడ్డానికి ముచ్చట. కానీ ఎవరో పేజీలో ఆ ఐడీ మార్చారనుకోండి: కంపైలర్ కిమ్మనదు, ప్రోగ్రామ్ మామూలుగానే మొదలవుతుంది, బటన్ మాత్రం పలకదు. తర్వాత వచ్చిన 'లిజన్' అనొటేషన్ ఆ ముడిని మెథడ్ నెత్తిన రాసి చూపించింది, అది మెరుగే. అయినా ఐడీ కొటేషన్ల మధ్య అక్షరాలుగానే మిగిలింది, కంపైలర్ దాన్ని సరిచూడదు.

ఫిన్లాండ్‌కు చెందిన వాడిన్ ఫ్రేమ్‌వర్క్‌ది వేరే దారి. అక్కడ బటన్ ఒక జావా ఆబ్జెక్ట్. 'యాడ్‌క్లిక్‌లిజనర్' పిలిచి, చేయాల్సిన పనిని దానికే అప్పగిస్తారు. వేరియబుల్ పేరు తప్పితే కోడ్ కంపైలే కాదు. 2014లో జావా 8 లాంబ్డాలు తెచ్చాక ఆ రాత ఒక్క వరుసకు తగ్గింది.

ఏళ్ల తరబడి చేతులు మారే కోడ్‌కి ఈ వాడిన్ దారే మేలు. కొత్త ప్రాజెక్టుకు ఫ్రేమ్‌వర్క్ ఎంచుకునే బృందాలు బటన్‌కు మెథడ్ ఎంత తక్కువ రాతతో కలుస్తుందని కాక, తప్పు ఎప్పుడు బయటపడుతుందని ముందు అడగాలి.